సీతమ్మగారి యాత్ర

గోదావరి లంకల్లో ఒక ఊరు ఉంది. పేరు లంకల గన్నవరం. డొక్కా సీతమ్మగారు ఆ ఊరి కోడలు. ఆమె 1841లో మండపేటలో పుట్టారు. భర్త జోగన్నగారు. వాళ్లకు వ్యవసాయం ఉంది.

ఆ రోజుల్లో గోదావరి పాయల మీద చాలాచోట్ల వంతెనలు లేవు. పడవ మీద దాటాలి. బాటసారులు ఆకలితో గన్నవరం చేరేవాళ్లు. అర్ధరాత్రి వచ్చినా సీతమ్మగారు లేచి వండి పెట్టేవారు. ఏ కులమని అడిగేవారు కాదు.

ఆమెకు ఒక కోరిక ఉండేది. అంతర్వేది వెళ్లి నరసింహస్వామిని చూడాలి. ఎన్నాళ్లకో ఒకసారి బయలుదేరారు. దారిలో పెళ్లివారు కొందరు ఎదురయ్యారు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

"ఏడవకండి. గన్నవరం దగ్గరికొచ్చేశాం. సీతమ్మగారింట్లో అన్నం తిందాం" అంటున్నారు పెద్దవాళ్లు.

ఆ మాట సీతమ్మగారి చెవిన పడింది. ఆమె వెంటనే వెనక్కి తిరిగారు. వాళ్లకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. ఈ సంగతి అక్కడి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

గుడికి వెళ్తే పదిమంది చూస్తారు. పొయ్యి దగ్గర ఎవరు చూస్తారు? అయినా ఆమె పొయ్యి దగ్గరికే వెళ్లారు. భక్తి నిజమో కాదో అక్కడే తెలుస్తుంది.

సీతమ్మగారు 1909లో కన్నుమూశారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.

ఆలోచించండి, మాట్లాడండి

1. సీతమ్మగారు ఎందుకు వెనక్కి తిరిగారు?

2. ఇతరుల కోసం మీరు ఏం వదులుకున్నారు? ఇష్టంతో వదులుకున్నారా? తప్పక వదులుకున్నారా? రెండూ ఒకటేనా?