చదువు ఎవరి పూచీ?

ఈ ప్రశ్నకు మన కాలేజీలో రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. స్టాఫ్ రూములో "ఈ కాలపు పిల్లలకు శ్రద్ధ లేదండీ" అంటారు. క్యాంటీనులో "ఆయన క్లాసులో నిద్రపోనివాడెవడురా!" అంటారు. రెండు చోట్లా టీ ఒకటే, ధోరణీ ఒకటే. పూచీ మాత్రం అవతలివాడిది. ఇదే కాలేజీ బెంచీల మీద చదువుకుని, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే అర్థశాస్త్రం చెబుతున్నవాణ్ణి కనుక ఇరుపక్షాల వాదనా నాకు కంఠతా వచ్చు. అయితే ఇద్దరూ బయటికి చెప్పని సంగతి ఒకటుంది.

అది నోట్సు సంగతి. అధ్యాపకుడు గంటసేపు నోట్సు చెబుతాడు. విద్యార్థి తల వంచుకుని రాసుకుంటాడు, పరీక్ష ముందు దాన్నే బట్టీ పెడతాడు. ఆయనను ఎవరూ ప్రశ్న అడగరు, ఇతణ్ణి ఎవరూ ఆలోచించమనరు. పైకి ఒకరి మీద ఒకరు ఎన్ని ఫిర్యాదులు చేసుకున్నా లోపల ఇదొక లోపాయికారీ ఒప్పందం. ఇద్దరికీ సుఖంగా ఉంది గనుక రద్దు చేయాలని ఎవరికీ తోచదు. నష్టం తెలిసేది డిగ్రీ చేతికొచ్చాక, ఇంటర్వ్యూలో ఎవరో "ధరలు పెరిగితే వడ్డీ రేటు ఎందుకు పెంచుతారయ్యా?" అని మామూలు మాటల్లో అడిగినప్పుడు. ఆ పేజీ నోట్సులో ఉంది. నోట్లోకి మాత్రం రాదు.

అసలు చదువుకోవడమనే పని ఎలా జరుగుతుందో చూస్తే ఎవరి వాటా ఎంతో కొంత తేలుతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగమొకటి ప్రకటించారు. ఒక చిన్న పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠాన్ని ఒక్కసారే చదివించి, కాగితం తీసేసుకుని, గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినదే మెరుగు: నూటికి 81 పాళ్ళు గుర్తుంది, రెండోది 75. వారం గడిచేసరికి లెక్క తారుమారైంది. రెండుసార్లు చదివినది 42కు పడిపోయింది, చూడకుండా రాసినది 56 దగ్గర నిలిచింది. పరీక్ష ముందురాత్రి నోట్సు తిరగేయడం మనకెందుకంత నమ్మకంగా ఉంటుందో, అది సెలవుల్లోపల ఎటు పోతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పుస్తకం మూసి, లోపలున్నదాన్ని బయటికి లాగే ఆ పని విద్యార్థిదే. ఎంతటి పండితుడైనా మరొకరి బదులు చేయలేడు. ఒకరు భోంచేస్తే ఇంకొకరి ఆకలి తీరదు కదా. కానీ పుస్తకం మూయమని అడగడం, అడగదగిన ప్రశ్న వేయడం, వచ్చిన తప్పును నవ్వకుండా దిద్దడం మాత్రం మా పని. అది మానేసి "శ్రద్ధ లేదు" అనే హక్కు మాకు లేదని నా అభిప్రాయం.

ఇందులో ఒక చిక్కుంది. 2019లో హార్వర్డులో ఫిజిక్సు విద్యార్థులను పరిశీలిస్తే, కూర్చుని ఉపన్యాసం విన్నవారి కంటే తామే లెక్కలతో కుస్తీ పట్టినవారు ఎక్కువ నేర్చుకున్నారు. కాని తాము తక్కువ నేర్చుకున్నామనే వారనుకున్నారు! కష్టపడుతున్నప్పుడు ఏమీ రావడం లేదనిపిస్తుంది కాబోలు. కనుక "సార్ అద్భుతంగా చెప్పారు" అన్న కితాబును కొంచెం అనుమానంగా చూడాలి. నాకూ వచ్చిందది. సంతోషించాను కూడా.

తల్లిదండ్రుల సంగతి క్లుప్తంగా. "ర్యాంకు తెస్తే బండి కొంటాను" అనే తండ్రులు 1973లో అచ్చయిన ఒక పరిశీలన వినాలి. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పసిపిల్లలకు ముందే బహుమతి ఆశ చూపి వేయించారు. కొన్నాళ్ళకు చూస్తే, ఆశ చూపని పిల్లలతో పోలిస్తే వీళ్ళు బొమ్మలతో గడిపే సమయం సగానికి తగ్గిపోయింది.

ఇక ఆసక్తి లేదన్న అభియోగం. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే అని ప్రభుత్వం ప్రకటించింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి మా క్లాసులో చివరి బెంచీకి చేరిన కుర్రాడికి తరచుగా లేనిది ఆసక్తి కాదు, మాట. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి గారు (1863–1940) సవర పిల్లలకు చదువు చెప్పదలచినప్పుడు వాళ్ళకు తెలుగు రాదని విసుక్కోలేదు. తానే సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. సవర భాష మీద ఆయన రాసిన గ్రంథం 1931లో అచ్చయింది. మాకు అంత శ్రమ అక్కరలేదు; ఎదురుగా కూర్చున్నవాడి భాష మా ఇంట్లో భాషే.

నిరుడు నా క్లాసులో చివరి పది నిమిషాలు పుస్తకాలు మూయించడం మొదలుపెట్టాను. ఆనాటి పాఠంలో అర్థమైనది మూడు వాక్యాలు, అర్థం కానిది ఒక్క ప్రశ్న, తెలుగులోనైనా సరే రాసివ్వాలి. పేరు రాయనక్కర్లేదు. మొదటి నెల దాదాపు అన్నీ తెల్లకాగితాలే. సగంమంది ఇప్పటికీ అవే ఇస్తున్నారు. ఒకనాడు వడ్డీ పాఠమయ్యాక ఒక కాగితం మీద ఇలా ఉంది: "లక్ష రూపాయల చీటీ మా అమ్మ అయిదో నెలలో 18 వేలు తగ్గించి పాడుకుంది. చేతికి 82 వేలే వచ్చాయి. ఆ పోయిన 18 వేలు వడ్డీయేనా సార్?"

మర్నాడు దాన్నే పాఠం చేశాను. ఇరవై నెలల చీటీ, నెలకు 5 వేలు. పాట మీద మిగిలిన డబ్బు సభ్యులందరికీ పంచుతారు గనుక అమ్మకూ అందులో కొంత తిరిగొస్తుంది. అది తీసేస్తే మిగిలేదే వడ్డీ. నెలకు ఎంత పడిందో తేల్చడానికి రెండు క్లాసులు పట్టింది. మధ్యలో నా లెక్కతో ఇద్దరు పోట్లాడారు. మూడోరోజు వేరే బెంచీ నుంచి బంగారం తాకట్టు లెక్క వచ్చింది.