రోలు, రోకలి, రెండవ గుండు
(మోర్టారు ప్రమాదములు – వానిని నివారించు యంత్రములు)

మంజీర తీరమునకు చేరువనున్న మన సగరోళిలో సంస్కృతి సంవర్ధన మండలివారి సైనిక విద్యాలయము గలదు. ఆ విద్యార్థులను చూచి మన పిల్లలలో పలువురు తామును సైన్యమున జేరవలెనని ముచ్చటపడుట మేమెఱుగుదుము. తండ్రులు గర్వింతురు, తల్లులు లోలోపల భయపడుదురు. యుద్ధమన్న భయము సహజమే. కాని శత్రువు కనుచూపు మేరలో లేని శిక్షణా మైదానమున, తాము ప్రయోగించు ఆయుధమువలననే సైనికులు మరణించిన సందర్భములును గలవు. వానిలో ఒక తెగ ప్రమాదములను చిన్న యంత్రముతో నివారింపవచ్చును. ఈ సంచికలో మేము ఆ విషయమును పాఠముగ వివరింపదలచితిమి. తల్లిదండ్రులు చదివి పిల్లలకు చెప్పుదురని మా యాశ.

1. రోటివంటి ఆయుధము

మోర్టారు అను పేరు లాటిను భాషలో రోలు అను అర్థమిచ్చు మాటనుండి వచ్చినది. మన ఇరుగుపొరుగు మరాఠీవారు దానిని ‘ఉఖళీ తోఫ్’ అందురు. ఉఖళ యనగా రోలే. మన పిల్లలు రెండు భాషలు నెఱిగినవారు గనుక ఈ పేరులోని సొగసు వారికి సులభముగ బోధపడును.

ఈ ఆయుధపు నిర్మాణము సరళము. ఒక నునుపైన లోహపు గొట్టము; దాని అడుగున నేలను ఆనుకొని యుండు దిమ్మపలక; ముందు రెండు కాళ్ల ఆనుడు. గొట్టము అడుగున ఒక సూది నిలిచి యుండును. సైనికుడు గుండును పైనుండి గొట్టములోనికి జారవిడుచును. గుండు తోకయందలి చిన్న టోపీ ఆ సూదికి తగిలి నిప్పు పుట్టును. మందు అంటుకొని, వాయువుల ఒత్తిడికి గుండు వచ్చిన దారినే పైకెగిరి దూరమున పడును. లోనికి పోవు ద్వారమును, వెలికి వచ్చు ద్వారమును ఒక్కటే. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. ప్రమాదమునకు మూలము అందే యున్నది.

నేటి మోర్టార్లకు మాతృక అనదగినదానిని 1915లో విల్ఫ్రెడ్ స్టోక్స్ అను ఆంగ్ల ఇంజనీరు రూపొందించెను. అది నిమిషమునకు ఇరువది గుండ్లకు పైగా వేయగలిగెను. పిమ్మట ఫ్రాన్సు దేశమున ఎడ్గార్ బ్రాంట్ దానిని మెఱుగుపఱచెను. మన భారత సైన్యమున 51, 81, 120 మిల్లీమీటర్ల మోర్టార్లు వాడుకలోనికి వచ్చినవి. తెలంగాణములోని మెదకు ఆయుధ కర్మాగారమున 81 మిల్లీమీటర్ల మోర్టారును మోయు గొలుసుచక్రముల వాహనములు తయారైనవి. కనుక ఈ విషయము మనకు బొత్తిగా పరాయిది కాదు.

2. ప్రమాదము పుట్టు చోటు

పూర్వము మన ఇండ్లలో ఇద్దరు స్త్రీలు ఒకే రోటిలో రెండు రోకళ్లతో దంచుచుండెడివారు. ఒకరు ఎత్తిన పిమ్మటనే మఱియొకరు వేయవలెను. ఆ లయ తప్పినచో రోకలికి రోకలి తగులును. మోర్టారు పనియును అట్టిదే. ఒక గుండు వెడలిన పిమ్మటనే రెండవదానిని వేయవలెను.

అయితే ఒక్కొకప్పుడు గుండు పేలక గొట్టములోనే నిలిచిపోవును. దీనిని సైనికులు మిస్‌ఫైరు అందురు. టోపీ చెడియుండవచ్చును, సూది అరిగియుండవచ్చును, గొట్టమున మసి పేరుకొని గుండు నడుమ చిక్కుకొని యుండవచ్చును. మిస్‌ఫైరు జరిగిన వెంటనే కాల్పులాపి, నిర్ణీత కాలము వేచియుండి, వరుసక్రమమున గుండును వెలికి తీయుటకు సైన్యమున కఠినమైన పద్ధతి గలదు. ఆ పద్ధతిని పాటించినచో సాధారణముగ అపాయము లేదు.

చిక్కంతయు మిస్‌ఫైరు జరిగినట్లు తెలియకపోవుటయందున్నది. ప్రక్కప్రక్కన నాలుగు మోర్టార్లు మ్రోగుచుండును. చెవులకు రక్షణకవచములుండును. రాత్రివేళ చీకటి, పొగ, అలసట, త్వరగా కాల్చవలెనన్న ఆజ్ఞ. ప్రక్క మోర్టారు మ్రోతను తమదేయని భ్రమపడి, వెలికి రాని గుండుపైననే రెండవ గుండును జారవిడుతురు. ఆ తాకిడివలన గాని, ఆలస్యముగ అంటుకొన్న మందువలన గాని లోపల ప్రేలుడు పుట్టినచో, దానికి బయటికి దారి యుండదు. గొట్టమే చీలిపోవును. చుట్టునున్నవారు కొలది అడుగుల దూరముననే యుందురు. దీనినే ‘ద్విగుణ భరణము’, అనగా రెండు గుండ్లు వేయుట, అనవచ్చును.

3. జరిగిన ఉదంతములు

2013 మార్చి 18న రాత్రి అమెరికా దేశపు నెవాడా రాష్ట్రమున హాథార్న్ సైనిక స్థావరమున 60 మిల్లీమీటర్ల మోర్టారు ప్రేలి, శిక్షణలోనున్న ఏడుగురు మెరీను సైనికులు మరణించిరి, మఱికొందఱు గాయపడిరి. మొదట ఆయుధమునందే లోపమున్నదేమోయని ఆ తరగతి మోర్టార్ల వాడుకను కొంతకాలము నిలిపివేసిరి. విచారణలో తేలినది వేఱు: గొట్టమున ఒక గుండుండగనే మఱియొకటి వేయబడినది, ఆ అభ్యాసమునకు ముందు సిబ్బందికి తగినంత సన్నాహక శిక్షణ జరుగలేదు. బాధ్యులైన అధికారులను పదవులనుండి తొలగించిరి.

2018 జూలైలో ఉక్రెయిను దేశమున శిక్షణా మైదానముననే 120 మిల్లీమీటర్ల మోర్టారు ప్రేలి ముగ్గురు సైనికులు మరణించిరి. గొట్టమునందు లోపమా, సిబ్బంది పొరపాటా యను వివాదము చెలరేగెను. చనిపోయినవారు సాక్ష్యము చెప్పజాలరు. చీలిన గొట్టము పూర్తి కథ చెప్పదు.

మన దేశమున, మన రాష్ట్రముననే, 2024 అక్టోబరు 10న నాసిక్ సమీపమున దేవళాలీ శిక్షణా మైదానమున ఫిరంగి గుండు ప్రేలి ఇద్దరు అగ్నివీరులు మరణించిరి. వారు హైదరాబాదులోని ఫిరంగి దళ కేంద్రమునుండి శిక్షణకై వచ్చినవారు. అది మోర్టారు కాదు, ఫిరంగి. కనుక ఈ పాఠమున చెప్పు యంత్రము అక్కడ అక్కఱకు వచ్చెడిదని మేమనము. కాని శిక్షణా మైదానము సైతము యౌవనులకు ప్రాణాపాయస్థలము కాగలదని చూపుటకు ఈ ఉదంతము చాలును.

4. ఇనుప రెక్క – మొదటి ఉపాయము

రెండు గుండ్లు పడకుండ చేయుట క్రొత్త ఆలోచన కాదు. సోవియట్ దేశపు 82, 120 మిల్లీమీటర్ల మోర్టార్లలో గొట్టపు మూతివద్ద ఒక పరికరమును అమర్చిరి. గుండు లోనికి జారగనే ఒక రెక్క మూతికి అడ్డముగ నిలుచును. గుండు పేలి వెడలినప్పుడు ఆ రెక్క తొలగి దారి విడుచును. పేలనిచో రెక్క అడ్డముగనే యుండును. రెండవ గుండును వేయబూనిన చేయి దానిని తాకి ఆగిపోవును.

ఈ ఉపాయమున విద్యుత్తు లేదు, లెక్క లేదు. సైనికుని జ్ఞాపకశక్తితోను, వినికిడితోను పని లేదు. అది దీని గొప్పతనము. కాని ఇది బరువును పెంచును. మసి, మట్టి, మంచు చేరి బిగిసిపోవచ్చును. త్వరగా కాల్చవలెనని సైనికులే దానిని ఊడదీసి ప్రక్కన పెట్టుటకును అవకాశము గలదు.

5. సెన్సరు చేయు పని

సెన్సరనగా ఒక మార్పును పసిగట్టి విద్యుత్సంకేతముగ తెలుపు అవయవము. దీని పనిని తెలిసికొనుటకు మన ధర్మాబాదు రైలుమార్గమువంటి చోట్ల వాడు ఒక విధానమును చెప్పుదుము. ఇరుసులను లెక్కించు యంత్రమొకటి గలదు. రైలుపట్టాకు బిగించిన సెన్సరు, చక్రము తనను దాటినప్పుడు అయస్కాంత క్షేత్రమున కలుగు మార్పును గుర్తించును. ఒక భాగములోనికి ఎన్ని ఇరుసులు పోయినవో, అన్నియు అవతలి చివర వెలికి వచ్చువఱకు ఆ మార్గము ఖాళీ యని యంత్రము చెప్పదు. మఱియొక బండికి ఎఱ్ఱదీపమే. ఒక్క పెట్టె ఊడి నిలిచిపోయినను లెక్క సరిపడదు గనుక దారి మూయబడియే యుండును.

మోర్టారుకును ఈ న్యాయమే వర్తించును. లోనికి ఒకటి, వెలికి ఒకటి. రెండును సమానమైననే పచ్చదీపము.

గుండు లోనికి పోయినదని తెలియుటకు గొట్టపు మూతివద్ద కాంతికిరణము తెగుటను గుర్తించు సెన్సరును గాని, లోహపు గుండు దాటినప్పుడు స్పందించు తీగచుట్టను గాని అమర్చవచ్చును. గుండు వెడలినదని తెలియుటకు ఆ మూతిసెన్సరే తిరుగుదారిలో మరల సాక్ష్యమిచ్చును. గొట్టమునకు బిగించిన త్వరణమాపకము వెనుకతాకుడును గుర్తించును. ప్రక్క మోర్టారు మ్రోత నేలద్వారా వచ్చి ఒక సెన్సరును మోసగింపవచ్చును. కనుక కనీసము రెండు భిన్నములైన సాక్ష్యములు ఏకీభవించినగాని యంత్రము గుండు వెడలినదని నమ్మరాదు. గొట్టపు వేడిని కొలుచు సెన్సరునుగూడ చేర్చినచో, మితిమీరి కాగిన గొట్టమున గుండు వేయకుండ హెచ్చరింపవచ్చును.

హెచ్చరిక ఎట్లుండవలెను? చెవులు మూసికొన్నవారికి గంట వినబడదు. కావున గుండు వేయువాని కంటికెదురుగ దీపముండవలెను; ఆ దీపము రాత్రివేళ దూరమునకు కనబడకుండ మఱుగు చేయబడవలెను. దీపముతోపాటు మూతిని మూయు రెక్కయును ఉన్నచో మఱింత మేలు. పాత ఇనుప రెక్కయు క్రొత్త సెన్సరును ఒకదానికొకటి శత్రువులు గావు, తోబుట్టువులు.

ఇంకొక ప్రయోజనము గలదు. యంత్రము ప్రతి గుండు రాకపోకలను వ్రాసిపెట్టుకొనగలదు. ప్రమాదము జరిగినచో, ఆ లెక్క మిగిలినంతవఱకు, గొట్టము తప్పా మనిషి తప్పా యను వివాదమునకు అది సాక్షి యగును. చనిపోయిన కుమారునిపై నిష్కారణముగ నింద పడకుండుట తల్లిదండ్రులకు చిన్న విషయము కాదు.

6. యంత్రమునకు పెట్టవలసిన నియమములు

యంత్రమును గ్రుడ్డిగా నమ్మరాదు. ధూళి కాంతిసెన్సరును కప్పును. వాన, వేడి, ఎడతెగని కుదుపు తీగలను తెంచును. బ్యాటరీ అయిపోవును. కనుక ఇంజనీర్లు మూడు నియమములను ముఖ్యముగ పాటింపవలెను.

మొదటిది: తెలియనప్పుడు ఎఱ్ఱదీపము. సెన్సరు చెడినను, బ్యాటరీ తగ్గినను, యంత్రము ‘ఖాళీ’ యని చెప్పరాదు. ‘చూచుకొనుడు’ అనియే చెప్పవలెను. రైల్వే సంకేతములలోని నీతి ఇదియే.

రెండవది: యంత్రము ఆపగలుగవలెనేగాని పేల్చగలుగరాదు. నిప్పు పుట్టించు భాగముతో దానికెట్టి సంబంధము నుండరాదు.

మూడవది: మాటిమాటికి అకారణముగ ఎఱ్ఱదీపము చూపు యంత్రమును ఎవ్వరును నమ్మరు, ఒకనాడు దానిని తీసి పెట్టెలో పెట్టుదురు. తేలికగా, సరిగా, తక్కువ తప్పులతో పనిచేయునదియే నిజమైన రక్షణ. సైనికుడు గొట్టమును, గుండ్లను భుజముపై మోయువాడు. వాని బరువునకు మఱి కొంత చేర్చునప్పుడు ప్రతి తులమును లెక్కింపవలసియున్నది.

7. మనకేమి నీతి?

‘రోట్లో తల దూర్చి రోకటిపోటుకు వెఱవనేల?’ యని మన సామెత. సైన్యమున జేరినవానికి ఆపద తప్పదని కొందఱు దీనినే చెప్పుదురు. మేము ఆ మాటను ఇచ్చట ఒప్పుకొనము. శత్రువు రోకటిపోటును సహించుట వీరధర్మము; మన రోటిలో మన రోకలియే పొరపాటున పడుట ధర్మము కాదు. దానిని ఆపవచ్చును గనుక ఆపవలెను.

‘మానవుని పొరపాటు’ అని వ్రాసి విచారణ పుటను మూసివేయుట సులభము. కాని అలసిన మనిషి, చీకటిలో, మ్రోతలో పొరపడుట ముందే తెలిసిన సంగతి. ముందే తెలిసిన పొరపాటునకు అడ్డుకట్ట కట్టకపోవుట మఱియొక పొరపాటు. అది గుండు వేసిన కుఱ్ఱవానిది కాదు. అట్లని శిక్షణను తగ్గింపరాదు. హాథార్న్ ఉదంతము శిక్షణయొక్క విలువనే చాటుచున్నది. కట్టుదిట్టమైన అభ్యాసము, సందేహము కలిగినప్పుడు ‘ఆపుడు’ అని కేకవేయు ధైర్యము, దానిపై యంత్రము – ఈ మూడును కలిసిననే రక్షణ.

ఈ మూడింటిలో నడిమిది ఇంటివద్దనే నేర్పదగినది. పిల్లవాడు ‘నాకు సరిగా వినబడలేదు’, ‘నాకు తెలియలేదు’ అని చెప్పినప్పుడు కసరుకొనిన ఇంటిలో, వాడు రేపు మోర్టారువద్దను నోరు మెదపడు. తెలియలేదని చెప్పిన బిడ్డను మెచ్చుకొనుడు. గణితము, భౌతికశాస్త్రము చక్కగా చదివించుడు. సెన్సర్లు చేయువారును ఆ బడులనుండియే రావలెను. సైనికుడు కాబోవు బిడ్డకు ధైర్యము కావలెను. ఆతని ప్రక్క నిలుచు యంత్రమును చేయు బిడ్డకు శ్రద్ధ కావలెను. ఈ రెండు తెగలవారును మన పాఠశాలనుండి వెలువడుదురు గాక యని కోరుచు ఈ పాఠమును ముగించుచున్నాము.

అభ్యాసము (పిల్లలను ఇంటివద్ద అడుగుడు)
1. మోర్టారుకు రోలు అను పేరు ఎట్లు తగియున్నది?
2. ఇరుసులను లెక్కించు రైలుయంత్రమునకును మోర్టారు సెన్సరునకును గల పోలిక యేమి?
3. సెన్సరు చెడినప్పుడు ఏ దీపము వెలుగవలెను? ఎందుచేత?