బిడ్డకు దారి ఇచ్చే బొక్కలు

మర్రిగూడ

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ల చెప్పిన కాడికెళ్ళి నాకు నిద్ర లేదు. కడుపుతోటి ఉన్న నీకు నడుము కింద, ముందర నొప్పి లేస్తున్నదట. నల్లా రోజూ వస్తలేదని బోరునీళ్ళు మసలబెట్టి తాగుతున్నవట. నొప్పికి భయపడకు, డాక్టరమ్మకు ఒకసారి చూపించు. ఆ నీళ్ళు మాత్రం ఇయ్యాల్నే మానెయ్యి.

నర్సు ట్రెయినింగుల మా మేడం బల్ల మీద ఆడమనిషి కటి బొక్కల గూడు పెట్టింది, పక్కన బట్టబొమ్మ. అటూ ఇటూ తుంటి బొక్కలు, ఎనుక త్రికం, దాని కొసకు చిన్న తోకబొక్క. ఒక్కో తుంటి బొక్క చిన్నప్పుడు మూడు ముక్కలు: ఇలియం, ఇస్కియం, ప్యూబిస్. ఈడొచ్చినంక గాని పూరా అతకయి. ముందర రెండు ప్యూబిస్‌లను కలిపే మెత్తటి అతుకు కడుపుతోటి ఉన్నప్పుడు సడలుతది. ఆ నొప్పి చానమందికి అందుకే వస్తది తల్లీ. ఆ గూడు దారి పైన అడ్డం 13 సెంటీమీటర్లు, ముందు ఎనుక 11. కిందికొచ్చేసరికి ముందు ఎనుకనే ఎక్కువ. అందుకే బిడ్డ తల తిరుక్కుంట దిగుతది. ఆ బొమ్మతలను నా చేతులతోటి తిప్పి బయటికి తీసిన దినం ఇంకా యాదికున్నది.

కొలువుల చేరిన కొత్తల ఒకామెకు కాన్పు చెయ్యవోయిన. ముప్పై ఏండ్లు లేవు, పీట మీద గూసోలేదు, కాళ్ళు ఎడం కావు. ఎడ్లబండి మీద దవాఖానకు తీస్కపోయినం. తల్లి దక్కింది, బిడ్డ దక్కలే. వాళ్ళ బావినీళ్ళు తియ్యగుండె, ఆ దినం నేను గూడ తాగిన. ఆ నీళ్ళల్లున్న ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు.

నీళ్ళల్ల అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పే. ఏండ్ల తరబడి తాగితే ఎన్నుపూస, కటి బొక్కలు ఎక్స్‌రేల సున్నం కొట్టినట్టు తెల్లగైతయి. త్రికాన్ని తుంటికి కట్టే పట్టీలు గూడ బొక్కలెక్క గట్టిపడుతయి. సడలాల్సింది బిగుసుకపోతది. మసలబెడితే పురుగులు చస్తయి, ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఇగిరిన కొద్ది ఇంకా చిక్కనైతది. మన నల్గొండ జిల్లా పేరు మీదనే పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి వచ్చింది. ఇప్పుడు నీకు ఆ తిప్పలెందుకు? నల్లాల భగీరథ నీళ్ళు వచ్చిననాడే బిందెలు నింపుకో. తాగనీకే గాదు, అన్నానికీ పప్పుకూ అవే. ఎసట్ల బోరునీళ్ళు పోస్తే తాగినట్టే.

బొక్కల బలానికి పాలు తాగు. రాగిజావ నీకు చిన్నప్పటి సంది ఇష్టమే. చింతపులుసు తింటే ఫ్లోరైడు మూత్రంల ఎక్కువ పోతదని హైదరాబాద్ పోషకాహార సంస్థోళ్ళు పిల్లగాండ్లల్ల చూసిండ్రు. అట్లని పులుసును నమ్ముకొని బోరునీళ్ళు తాగకు.

మీ తాత పొద్దటి సంది అరుగు మీద గూసొని నీకోసమే చింతపండు గింజలు తీస్తున్నడు. ఐతారం తెస్త. నీ బిందెలు మూత తీసి చూస్త బిడ్డా.

మీ అమ్మమ్మ