మొదట ఎప్పుడు గమనించారు?

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ముసలితనం మీద పరిశోధన చేస్తానని రాశావు. సంతోషం. చదవాల్సిన పుస్తకాల జాబితా మీ మాస్టార్లు ఎలాగూ ఇస్తారు. దానికి తోడు ఒక్క అధ్యయనాన్ని మాత్రం తీరిగ్గా, పట్టికలతో సహా చదువు. అది జరిగింది హైదరాబాద్‌లోనే.

అప్పట్లో పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజిస్టుగా ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, వారి సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. వాళ్లలో 391 మందికి కనీసం రెండు భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున 61 ఏళ్లకు బయటపడ్డాయి. రెండు భాషల వాళ్లలో 65 దాటాక గానీ కనిపించలేదు. తేడా నాలుగున్నరేళ్లు! ఇప్పటిదాకా వచ్చిన ఏ మందూ ఈ జబ్బును అంత వెనక్కి నెట్టలేదు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 'లాసీ-డాడ్' సర్వే అంచనా వేసింది. ఆ సంగతి గుర్తుంటే నాలుగున్నరేళ్ల విలువ తెలుస్తుంది.

ఈ మాట మొదట కెనడా నుంచి వచ్చింది. టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగులను చూసి, రెండు భాషల వాళ్లకు జబ్బు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చిందని 2007లో ప్రకటించింది. వెంటనే అడ్డుప్రశ్న లేచింది. అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. సముద్రాలు దాటి వచ్చి నిలదొక్కుకున్న మనిషి మొదటి నుంచీ గట్టిపిండం కావచ్చు కదా! మేలు చేసింది భాషా, వలసా? టొరంటోలో ఆ చిక్కుముడి విప్పడం కష్టం.

హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిషు మాట్లాడటానికి ఊరు దాటక్కర్లేదు. బడి మొహం చూడనివాళ్లకూ రెండో భాష వస్తుంది. అందుకే 2013లో న్యూరాలజీ పత్రికలో ఈ వ్యాసం వచ్చినప్పుడు అందరి కళ్లూ ఒక విషయం మీద పడ్డాయి: చదవడం, రాయడం రాని రోగుల్లోనూ ఇలాంటి తేడా కనిపించింది. కాబట్టి ఇదంతా చదువు మహిమేనని కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం మాత్రం తేలలేదు. బహుభాషా కోవిదులమని మీసం మెలేసేవాళ్లకు ఇది కాస్త నిరాశే.

ఇక అసలు సంగతి. ఈ లెక్కంతా నిలబడింది ఒక్క ప్రశ్న మీద: మొదట ఎప్పుడు గమనించారు? జవాబు చెప్పేది వెంట వచ్చిన ఇంటివాళ్లు. మన ఇళ్లలో ఆ జవాబు ఎలా ఉంటుందో ఊహించు. "పెద్దోడి పెళ్లికి శుభలేఖలన్నీ ఆయనే పంచాడు, బాగానే ఉన్నాడు. ఆ మరుసటి సంక్రాంతికి అల్లుడి పేరు మర్చిపోయాడు" అంటుంది కోడలు. "అంతకుముందు నుంచే పింఛను డబ్బు పదేపదే లెక్కపెట్టేవాడు" అంటాడు కొడుకు. ఫారంలో ఏ సంవత్సరం రాస్తావు?

పైగా గమనించడం అందరి విషయంలో ఒకేలా జరగదు. ఇంట్లో ముసలమ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే చాదస్తం అనుకుని సర్దుకుంటారు. కొట్లో కూర్చునే పెద్దాయన చిల్లర తప్పు ఇస్తే మాత్రం ఇల్లంతా గగ్గోలు. మరి రెండో భాష ఎక్కువగా వచ్చేది నలుగురిలో తిరిగేవాళ్లకే. ఆ లెక్కన వాళ్ల జబ్బే ముందు బయటపడాలి. ఫలితం అందుకు విరుద్ధంగా వచ్చింది కాబట్టే ఈ అధ్యయనాన్ని తేలిగ్గా తీసెయ్యలేం.

అలాగని అంకెల్ని తోచినట్టు వాడకు. టొరంటోలో ఒకే భాష వాళ్ల సగటు 71, ఇక్కడ 61. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, హైదరాబాదీలకు పదేళ్లు ముందే జబ్బు వస్తుందని రాశావంటే నీ గైడు కాగితం విసిరికొడతారు. అవి ఆస్పత్రి గడప తొక్కినవాళ్ల సగటులు, ఊరి సగటులు కావు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. వాటిని నహీద్ ముకాదం బృందం 2017లో కలిపి చూస్తే, రెండు భాషల వల్ల డిమెన్షియా ముప్పు తగ్గిన దాఖలా కనపడలేదు. ముప్పు తగ్గడం, రాక ఆలస్యం కావడం వేరువేరు అనేది నిజమే. అయినా ఆ వ్యాసాన్నీ దీని పక్కనే పెట్టుకుని చదవాలి.

ఇంటివాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడని దారి ఏదైనా ఉందా? పక్షవాతం ఉంది. అది వచ్చిన రోజు అందరికీ తెలుస్తుంది. నిమ్స్‌లోనే 608 మంది పక్షవాత రోగులను చూశారు. తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషల వాళ్లలో 40.5 శాతం, ఒకే భాష వాళ్లలో 19.6 శాతం. మాట దెబ్బతినడంలో మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. అంటే రెండో భాష కాపాడింది భాషను కాదన్నమాట. ఒక భాషను ఆపి ఇంకో భాషకు మారుతూ ఉండటం వల్ల ఏకాగ్రతకు దొరికే సాధనే కారణమని పరిశోధకుల ఊహ. దాన్ని నిరూపించాలంటే ఏం కొలవాలో ఆలోచించి జాబు రాయి.

ఉంటాను,
తాతయ్య