చెడుగుడులో మొరటు ఆట – అంపైరు తీర్పు



ఈ నెల గోడపత్రికకు ఆటల పాఠం రాసే వంతు నాది. నేను చెడుగుడు గురించి రాస్తున్నాను. పుస్తకాల్లో దీన్నే కబడ్డీ అంటారు. అందరికీ వచ్చిన ఆటే గదా, ఇందులో పాఠమేముంది అని మీరు అడగవచ్చు. పోయిన ఆదివారం మన బరిలో జరిగిన గొడవ మీ అందరికీ తెలుసు. రెండు రూముల పిల్లలు ఇంకా మాట్లాడుకోవడం లేదు. అన్నం కాడ కూడా వేరే వేరే వరుసల్లో కూర్చుంటున్నారు. ఆ రోజు అంపైరును నేనే. ఆట అయిపోయినంక నియమాలు చదివాను. ముందు చదవవలసింది.

బరి, గీతలు

పెద్ద పోటీలలో మగవాళ్ల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆడవాళ్ల బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఒక్కో జట్టులో ఏడుగురు ఆడతారు. కూతకు పోయినవాళ్లు 30 సెకన్లలో, ఒక్క ఊపిరిలో కూత తెగకుండా తిరిగి రావాలి. బరికి రెండు పక్కలా ఒక్కొక్క మీటరు పట్టీ ఉంటుంది. దాని పేరు లాబీ. ఎవరినీ తాకకుండా లాబీలో కాలు పెడితే అవుట్. కానీ కూతకు పోయిన మనిషికీ పట్టేవాళ్లకూ తాకిడి అయిందంటే, అప్పటి నుంచి లాబీ కూడా బరి కిందే లెక్క. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. మన గొడవంతా ఇక్కడే ఉంది.

కొత్తవాడలో షత్రంజీలు నేసే మగ్గాల మీద ప్రతి దారం ఎక్కడ పోవాలో ముందే ఉంటుంది. మన బరిలో మాత్రం ముగ్గు చాలక ఒక పక్క లాబీ గీతే గీయలేదు.

ఏది బలం, ఏది మొరటు?

చెడుగుడు బలం ఆట. కాలు పట్టవచ్చు, నడుము పట్టవచ్చు, అందరూ కలిసి చుట్టుకుని ఆపవచ్చు. దెబ్బలు తగిలినంత మాత్రాన అది తప్పు ఆట కాదు. కానీ ఈ పనులు చేయరాదు:

1. కూత ఆపడానికి నోరు గాని, గొంతు గాని నొక్కరాదు.
2. వెంట్రుకలు, బట్టలు పట్టుకుని లాగరాదు.
3. రెండు కాళ్లతో కత్తెర వేసి పడగొట్టరాదు.
4. కావాలని గీత బయటకు నెట్టరాదు.

తప్పు చేసినవాళ్లకు కార్డులు చూపిస్తారు. పచ్చ కార్డు అంటే హెచ్చరిక. పసుపు కార్డు అంటే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఎర్ర కార్డు అంటే ఆ ఆటలో ఇంక దిగరాదు. పెద్ద పోటీలో ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు, పాయింట్లు రాసేవాళ్లు ఉంటారు. మనకు నేనొక్కదాన్నే ఉన్నాను, ఒక ఈల ఉంది.

పెద్దవాళ్లకూ గొడవ వచ్చింది

2023 అక్టోబర్ 7న చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడల మగవాళ్ల ఫైనల్ జరిగింది. ఇండియా, ఇరాన్ ఆడాయి. ఆట అయిపోవస్తున్నది, ఇద్దరికీ 28 పాయింట్లు. పవన్ సెహ్రావత్ కూతకు పోయి ఎవరినీ తాకకుండా లాబీలోకి దిగాడు. ఇరాన్ వాళ్లు అతని వెంటపడి లాబీలోకి వచ్చారు. పాత నియమం ప్రకారం వెంట వచ్చినవాళ్లు కూడా అవుట్. కొత్త నియమం ప్రకారం కూతకు పోయినవాడు ఒక్కడే అవుట్. ఆ రోజు ఏ నియమం నడవాలి అని గొడవ పడ్డారు. తీర్పు ఒకసారి ఇటు, ఒకసారి అటు మారింది. ఆటగాళ్లు బరిలోనే కూర్చున్నారు. ఆట సుమారు గంట సేపు ఆగింది. చివరకు ఇండియా 33-29తో గెలిచింది. అదే రోజు మన ఆడవాళ్లు చైనీస్ తైపీ మీద 26-25తో బంగారు పతకం గెలిచారు. ఒక్క పాయింటు! ఒక్క పాయింటు తప్పుగా ఇస్తే ఎంత పోతుందో చూడండి.

భాష రాని తీర్పు

ఇంకొక సంగతి ఫుట్‌బాల్‌ది. 1966లో ఇంగ్లాండులో ప్రపంచ కప్ జరిగింది. అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను రెఫరీ బయటకు పొమ్మన్నాడు. రెఫరీ జర్మనీ ఆయన. ఆయనకు స్పానిష్ రాదు. రాటిన్ దుబాసీని పిలవమని అడిగాడు, చాలా సేపు బయటకు పోలేదు. ఆ పోటీ తర్వాత కెన్ ఆస్టన్ అనే ఇంగ్లీషు రెఫరీ రోడ్డు మీది సిగ్నల్ దీపాలను చూసి, పసుపు, ఎరుపు కార్డులు పెడితే భాష రానివాళ్లకు కూడా తెలుస్తుంది గదా అని ఆలోచించాడు. 1970లో మెక్సికో ప్రపంచ కప్‌లో అవి మొదటిసారి వచ్చాయి.

ఇది చదివినప్పుడు నాకు అన్నం సయించలేదు. ఎందుకో చెప్తాను.

ఆదివారం నాడు ఏం జరిగింది

ఆరో తరగతి చెల్లె కూతకు పోయింది. ఈ ఏడే గూడెం నుంచి వచ్చింది. మధ్య గీత దిక్కు తిరిగి వస్తూ లాబీలో కాలు పెట్టింది. నేను ఈల వేసి అవుట్ అన్నాను. ఆమె నా దగ్గరికి ఉరికి వచ్చి కోయ భాషలో, వెనుక నుంచి జడ పట్టి గుంజారని చెప్పింది. నాది కూడా కోయ గూడెమే. ఆమె చెప్పింది నాకు పూర్తిగా అర్థమైంది. కానీ అందరూ చూస్తున్నారని సిగ్గుపడి, "తెలుగులో చెప్పు" అన్నాను. ఆమెకు తెలుగు అంత తొందరగా రాదు. ఏమీ అనకుండా పోయి నల్లా కాడ కూర్చున్నది. వాళ్ల రూము ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

రాత్రి ఆమెకు తల దువ్వుతుంటే చూశాను. జడ మొదట్లో ఎర్రగా వాచింది. అంటే తాకిడి అయింది. తాకిడి అయిందంటే లాబీ కూడా బరే. జడ పట్టడం ఫౌలు. ఆమె అవుట్ కాదు. నా తీర్పు రెండు రకాలుగా తప్పు.

జడ పట్టింది నేను చూడలేదు. అది నా కన్ను తప్పు, ఎవరికైనా అవుతుంది. కానీ ఆమె చెప్పింది వినకపోవడం కన్ను తప్పు కాదు. మా గూడెంలో పెద్దమనుషులు ఇద్దరి మాటా విన్నాకే తీర్పు చెప్తారు. నేను ఒక్కరి మాట కూడా వినలేదు. జడ పట్టిన అక్క పేరు ఇక్కడ రాయను. అంపైరు చూడకపోయినా పట్టిన చేతికి తెలుసు.

ఆ చెల్లెకు మా భాషలోనే తప్పయిందని చెప్పాను. పాయింటు ఇప్పుడు మార్చరాదు. అందుకే గోడ మీద రాస్తున్నాను. రెండు రూముల వాళ్లు నా మీద కోపం పెట్టుకోండి, మీలో మీరు మాట్లాడుకోండి.

వార్డెన్ మేడం గారికి మనవి: వచ్చే ఆటకు ముందు ముగ్గు ఎక్కువ ఇప్పించగలరు. నియమాలు తెలుగులో, కోయలో, లంబాడీలో మూడుసార్లు చదివి వినిపించిన తర్వాతే ఈల వేయనివ్వండి. ఇద్దరు అంపైర్లను పెట్టండి.

ప్రశ్నలు

1. లాబీ ఎప్పుడు బరిలో కలుస్తుంది?
2. పట్టేటప్పుడు ఏవి పట్టరాదు?
3. హాంగ్‌జౌలో ఆట ఎందుకు ఆగింది?
4. అంపైరు చూడని ఫౌలు ఎవరు చెప్పాలి?

నాలుగో ప్రశ్నకు జవాబు నోటుబుక్కులో రాయవద్దు. బరిలో చెప్పండి.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని