పాఠం 11: బాస్ గిటారుకు ఆంప్లిఫయరు, స్పీకరు క్యాబినెట్ ఎంచుకోవడం

కిందటి పాఠంలో మీరు బాస్ గిటారు భాగాల గురించి, నాలుగు తీగల శ్రుతి గురించి తెలుసుకున్నారు. ఇంట్లో సాధనకు చిన్న ఆంప్లిఫయరు ఏదైనా సరిపోతుంది. పెళ్ళి పందిట్లోనో, చర్చి ఆవరణలోనో, కాలేజీ వార్షికోత్సవంలోనో డ్రమ్స్ పక్కన నిలబడి వాయించవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. దుకాణంలో గోడలు అదిరేలా మోగిన పెట్టె వేదిక మీద వినిపించదు. అప్పు చేసి కొన్న సామాను రెండు కార్యక్రమాలకే కాలిపోవడం కూడా జరుగుతూ ఉంటుంది. ఈ పాఠం చదివిన తరువాత మీరు ఆంప్లిఫయరు వెనుక పలక మీద ఉన్న అంకెలను చదవగలుగుతారు. దానికి ఏ క్యాబినెట్ తగిలించవచ్చో, ఏది తగిలించకూడదో లెక్క వేసి చెప్పగలుగుతారు.

11.1 బాస్‌కు వేరే ఆంప్లిఫయరు ఎందుకు?

మామూలు గిటారులో అన్నిటికంటే కింది తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బాస్ గిటారులో కింది తీగ సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంటే పౌనఃపున్యం సరిగ్గా సగం. ఐదు తీగల బాస్‌లో ఇది 31 వరకు దిగుతుంది.

పౌనఃపున్యం సగమైతే, అంతే తీవ్రత గల శబ్దం పుట్టడానికి స్పీకరు కోను నాలుగు రెట్ల దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. పైగా మన చెవి తక్కువ పౌనఃపున్యాలను అంత బాగా పట్టుకోలేదు. ఈ రెండు కారణాల వల్లే 50 వాట్ల గిటారు ఆంప్లిఫయరు హాలంతా వినిపిస్తుంటే, 50 వాట్ల బాస్ ఆంప్లిఫయరు డ్రమ్స్ మధ్య మునిగిపోతుంది. గిటారు ఆంప్లిఫయరులో బాస్ పెట్టి గట్టిగా వాయిస్తే కోను చిరిగే ప్రమాదం ఎందుకు ఉందో కూడా ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. ఆ మరుసటి ఏడే దాని కోసం బాస్‌మన్ అనే ఆంప్లిఫయరు తయారుచేశాడు. కచ్చేరీలు పెద్ద మైదానాలకు మారాక అలాంటి చిన్న ఆంప్లిఫయర్లు చాలలేదు. 1969లో ఆంపెగ్ సంస్థ ఎస్.వి.టి. అనే 300 వాట్ల వాల్వు ఆంప్లిఫయరు విడుదల చేసింది. దానితో వాడే, ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లున్న పెట్టె ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. బరువు అరవై కిలోలు దాటుతుంది. అది ఆటోలో పట్టే వస్తువు కాదు.

11.2 వాట్లు

దుకాణదారు మొదట చెప్పే అంకె ఇదే. టేప్‌రికార్డర్ల మీద పి.ఎం.పి.ఓ. అంటూ వేల వాట్లు అచ్చువేసిన కాగితాలు మీలో కొందరు చూసే ఉంటారు. ఆ లెక్కకు విలువ లేదు. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో అడగండి. ఎన్ని ఓముల దగ్గర అన్ని వాట్లు వస్తాయో కూడా అడగండి. రెండోది చెప్పకపోతే మొదటిది సగం సమాచారమే.

వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్ మాత్రమే పెరుగుతుంది. ఈ తేడా చెవికి తెలుస్తుంది, అంతే. చెవికి దాదాపు రెండింతలు అనిపించాలంటే 10 డెసిబెల్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. కాబట్టి 200 వాట్ల దాని బదులు 250 వాట్ల దానికి వేల రూపాయలు ఎక్కువ పెట్టడం నా దృష్టిలో దండగ.

అంతకంటే ముఖ్యమైనది స్పీకరు సున్నితత్వం. క్యాబినెట్‌కు ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిచిన శబ్దం ఇది. ఒక క్యాబినెట్‌కు ఇది 97 డెసిబెల్, మరొకదానికి 100 డెసిబెల్ అనుకుందాం. మొదటిదానికి 200 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం రెండోదానికి 100 వాట్లతోనే వస్తుంది. ఈ అంకెను దుకాణదారు తనంతట తాను చెప్పడు. కాగితం అడిగి చూడండి.

11.3 ఓములు

సామాను కాలిపోవడానికి ముఖ్య కారణం ఇక్కడ ఉంది కాబట్టి ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

ప్రతి క్యాబినెట్‌కు ఒక అవరోధం ఉంటుంది. దానిని ఓములలో చెబుతారు. సాధారణంగా అది 8 గాని, 4 గాని ఉంటుంది. ఆంప్లిఫయరు వెనుక 'కనీసం 4 ఓములు' వంటి మాట రాసి ఉంటుంది. అవరోధం తగ్గినకొద్దీ ఆంప్లిఫయరు నుంచి ఎక్కువ విద్యుత్తు ప్రవహిస్తుంది. రాసిన హద్దు కంటే తగ్గితే ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి. రక్షణ ఏర్పాటు ఉంటే పాట మధ్యలో ఆగిపోతుంది, లేకపోతే కాలిపోతుంది.

రెండు క్యాబినెట్లు తగిలిస్తే అవి సమాంతర సంధానంలో ఉంటాయి. ఒక క్యాబినెట్ నుంచి మరొకదానికి వైరు లాగినా సాధారణంగా అది సమాంతర సంధానమే. వరుసగా కనిపిస్తుంది కదా అని ఓములను కూడకండి. లెక్క ఇలా చేయాలి: రెండు అవరోధాల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించాలి.

8 ఓములు, 8 ఓములు: 64 ÷ 16 = 4 ఓములు
4 ఓములు, 4 ఓములు: 16 ÷ 8 = 2 ఓములు

కనీసం 4 ఓములు కావలసిన ఆంప్లిఫయరుకు మొదటి జత క్షేమం, రెండోది ప్రమాదం.

ఇప్పుడు ఎంపిక సంగతి. ఆంప్లిఫయరు 4 ఓముల దగ్గర 300 వాట్లు ఇస్తే, 8 ఓముల దగ్గర అందులో సగం కంటే కొంచెం ఎక్కువ ఇస్తుంది. డబ్బు ఒకేసారి లేనివారు మొదట 8 ఓముల క్యాబినెట్ ఒకటి కొనుక్కోవడం మంచిది. చిన్న హాళ్ళకు అది చాలు. తరువాత అలాంటిదే రెండోది చేరిస్తే ఆంప్లిఫయరు పూర్తి శక్తి ఇస్తుంది, కదిలే గాలి కూడా రెట్టింపవుతుంది. రెండూ కలిసి సుమారు 5 డెసిబెల్ పెరుగుతుంది. మొదటే 4 ఓములది కొంటే ఆ దారి మూసుకుపోతుంది.

వాల్వు ఆంప్లిఫయరు అయితే నియమం వేరు. దాని మీద ఉన్న ఓముల స్విచ్ క్యాబినెట్‌తో సరిపోలాలి. స్పీకరు తగిలించకుండా దానిని ఎప్పుడూ వాయించకూడదు.

ప్రశ్న 1. మీ ఆంప్లిఫయరు మీద 'కనీసం 4 ఓములు' అని ఉంది. మీ దగ్గర 8 ఓముల క్యాబినెట్ ఉంది. మిత్రుడు 4 ఓములది అరువిస్తానన్నాడు. రెండూ కలిపి వాడవచ్చా?

11.4 క్యాబినెట్

15 అంగుళాల స్పీకరు అయితేనే లోతైన నాదం వస్తుందని చాలామంది నమ్ముతారు. అది పూర్తిగా నిజం కాదు. పెట్టె పరిమాణం, స్పీకరు నిర్మాణం కూడా నాదాన్ని నిర్ణయిస్తాయి. నాలుగు 10 అంగుళాల స్పీకర్లు కలిసి ఒక 15 అంగుళాల స్పీకరు కంటే ఎక్కువ గాలిని కదపగలవు. పూర్తిగా మూసిన పెట్టెలో కోను అదుపులో ఉంటుంది. రంధ్రం ఉన్న పెట్టె మరింత లోతుగా మోగుతుంది గాని, దాని హద్దు కంటే కింది స్వరాల దగ్గర కోను అదుపు తప్పుతుంది. ఐదు తీగల బాస్ వాయించేవారు ఇది గమనించాలి.

బరువు మరిచిపోకండి. నియోడిమియం అయస్కాంతాలున్న స్పీకర్లు, క్లాస్-డి ఆంప్లిఫయర్లు వచ్చాక సామాను చాలా తేలికైంది. రెండు మూడు కిలోల ఆంప్లిఫయరుతో కూడా ఇప్పుడు కార్యక్రమం చేయవచ్చు. బస్సులో వెళ్ళేవారికి ఆ ఖర్చు దండగ కాదు.

11.5 వేదిక మీద

పెద్ద కార్యక్రమాలలో ప్రేక్షకులకు బాస్ వినిపించేది సౌండ్ వాళ్ళ స్పీకర్ల నుంచి. మీ ఆంప్లిఫయరు వెనుక డి.ఐ. అని రాసిన సాకెట్ నుంచి వాళ్ళకు వైరు ఇస్తే సరిపోతుంది. అప్పుడు మీ పెట్టె మీకూ, డ్రమ్మరుకూ వినిపిస్తే చాలు. అందుకు నా అంచనాలో 200 నుంచి 300 వాట్లు సరిపోతాయి.

వినిపించకపోతే బాస్ బటన్ తిప్పడం అందరూ చేసే పని. బాస్ 6 డెసిబెల్ పెంచితే ఆ స్వరాల దగ్గర నాలుగు రెట్ల శక్తి ఖర్చవుతుంది. దాని బదులు మధ్య స్వరాలు కొంచెం పెంచి చూడండి. పెట్టెను గోడ మూలలో పెడితే నాదం గుమ్మంటుంది. అది మంచిదో కాదో హాలు మధ్యకు నడిచి వినండి.

గిటారు వైరును స్పీకరుకు వాడవద్దు. చివర ఉండే జాక్ ఒకటే కావడం వల్ల ఈ పొరపాటు జరుగుతుంది. గిటారు వైరులో సన్నని తీగ ఒకటి, దాని చుట్టూ వల ఉంటాయి. స్పీకరు వైరులో సమానమైన లావు తీగలు రెండు ఉంటాయి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఆంప్లిఫయరు చాలావరకు 120 వోల్టులది. మన 230 వోల్టులకు నేరుగా పెడితే కాలిపోతుంది. వెనుక '100-240' అని ఉంటే, లేదా వోల్టేజి స్విచ్‌ను 230కి మార్చగలిగితే భయం లేదు. రెండూ లేకపోతే తగినన్ని వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ఆ ఖర్చు కూడా కలుపుకునే ధర బేరీజు వేయండి.

గుంయ్‌మనే మోత వస్తోందని ప్లగ్గులోని లావు పిన్ను, అంటే ఎర్తు, తీసేసేవారున్నారు. లోపల ఎక్కడైనా వైరు తగిలితే ఆ విద్యుత్తు తీగల ద్వారా మీ చేతికి వస్తుంది. అదే సమయంలో మీ పెదవులు మైకుకు తగిలితే ప్రాణం పోవచ్చు. చాలా ఆంప్లిఫయర్లకు డి.ఐ. సాకెట్ పక్కన గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది. మోతకు దానిని వాడండి. జనరేటరు మీద కార్యక్రమమైతే, దానికి ఎర్తు వేశారా అని వాయించే ముందే అడగండి.

ప్రశ్న 2. ఒక క్యాబినెట్ సున్నితత్వం 94 డెసిబెల్, మరొకదానిది 100 డెసిబెల్. రెండోదానికి 100 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం మొదటిదాని నుంచి రావాలంటే ఎన్ని వాట్లు కావాలి?

జవాబులు

1. వాడకూడదు. 32 ÷ 12 = సుమారు 2.7 ఓములు. ఇది 4 కంటే తక్కువ. ఏదో ఒకదానినే వాడాలి.
2. తేడా 6 డెసిబెల్, అంటే రెండుసార్లు రెట్టింపు. కాబట్టి 400 వాట్లు కావాలి. ఆ క్యాబినెట్ 400 వాట్లు తట్టుకోగలదో లేదో కూడా చూడాలి.