చవుడు నేలలో పైరు దప్పి

వేసవి ముదిరినపుడు చెరువు క్రింది పల్లపు మళ్లలోను, గొట్టపుబావి నీరు పారెడు తోటలలోను నేలపై తెల్లని పొర పేరుకొనుట మన పావగడ తాలూకాలో పలువురు చూచినదే. తెలుగున దీనిని చవుడందుము, కన్నడమున సవళందురు. పూర్వము చాకలివారు ఇట్టి మన్నునే గుడ్డలుదుకుటకు తెచ్చుకొనెడివారు. గుడ్డకు మేలుచేసిన మన్ను పైరుకేల కీడుచేయునని పిల్లలు మమ్మడిగిరి. వారికి చెప్పిన పాఠమునే తలిదండ్రుల కొరకు ఇచట వ్రాయుచున్నాము.

ముందుగా మా పొరపాటు చెప్పుకొనవలయును. బడితోటలో చిక్కుడాకుల అంచులు మాడుచుండగా, నీరు చాలలేదని తలచి, గొట్టపుబావి నీటినే దినదినము కొంచెము కొంచెముగా పోయించితిమి. పదునైదు దినములలో మడియంతయు ఎండెను. తడిమట్టిలో నిలిచి మొక్క దప్పితో చచ్చుట కన్నులార చూచితిమి.

కారణమిది. ఊరగాయకై ఉప్పు చల్లిన మామిడిముక్క నీరు విడుచును గదా! వేరు వెలుపలి నీటిలో ఉప్పు హెచ్చినకొలది వేరు ఆ నీటిని లోనికి లాగుకొనజాలదు. కొంత ఉప్పు లోనికి పోయి ఆకుల అంచులను మాడ్చును.

ఆ ఉప్పు ఎచటిదో పిల్లలచే లెక్క కట్టించితిమి. లీటరు నీటిలో ఒక గ్రాము ఉప్పున్నదనుకొనుడు. ఎకరముపై అంగుళము లోతు నీరు పెట్టిన సుమారు 1,03,000 లీటర్లగును. దానితో 100 కిలోల పైచిలుకు ఉప్పు దిగును. రెండేసి అంగుళముల తడులు పది పెట్టిన 2 టన్నులు! నీరు ఆవిరియై పోవును, ఉప్పు పోదు. పెద్దవాన దానిని క్రిందికి కడుగవలయును. మన సీమకు ఆ భాగ్యము అరుదు.

పైరులన్నిటికిని ఓర్పు ఒకటి గాదు. నేలలోని ఉప్పును డెసిసీమెన్లలో కొలుతురు. చిక్కుడు జాతి 1 దాటగనే క్రుంగును. మన వేరుశనగ 3 వరకు నిలిచి, ఆపై వేగముగా దిగుబడి కోల్పోవును. ప్రత్తి, బార్లీ 7, 8 వరకు తాళును.

చవుడు రెండు తెరగులు. పాలచవుడులో కరగెడు ఉప్పులు హెచ్చు. కారుచవుడులో సోడియము మట్టిని పట్టుకొని యుండును; నేల తడిసిన జిగురు, ఎండిన రాయి. గుప్పెడు మన్నును వాననీటిలో కలచి గాజుగ్లాసులో నుంచుడు. త్వరగా తేరిన పాలచవుడని, గంటలకొలది మురికిగానే యున్న కారుచవుడని ఊహింపవచ్చును. ఇది ఊహయే, నిర్ణయము పరీక్షాశాలది.

పాలచవుడునకు గట్టు వేసి మంచినీరు నిలిపి, కాలువ త్రవ్వి మురుగును వెడలింపవలయును. దీనికి జిప్సము చల్లుట డబ్బు దండుగ. కారుచవుడునకే జిప్సము మందు: అందలి కాల్షియము సోడియమును త్రోసి దాని చోట నిలుచును. పిదప నీరు కట్టి కడిగి, జీలుగ వేసి పూతకు రాగానే దున్నవలయును. మురుగు పోవు దారి లేనిచో ఈ శ్రమయంతయు వృథా. 1953లో ఆనకట్ట పూర్తియైన తుంగభద్ర ఆయకట్టులో నీరు వచ్చియు, మురుగు పోక, ఎన్నియో పొలములు చవుడుబారెను. గంగావతి పరిశోధనకేంద్రమువారు ఆ నేలలను బాగుచేయు పనిలోనే యున్నారు. నీరు లేని మనకును, నీరు హెచ్చిన వారికిని రోగ మొకటే!

మా బడిలో ఇంటికప్పుపై పడు వాననీటిని మడికి మళ్లించి, ప్రక్కన కాలువ త్రవ్వించితిమి. మరుసటి యేడు చిక్కుడు కాచినది; తొలి వరుస మాత్రము ఇంకను గిడసబారియే యున్నది.

విత్తుటకు మునుపే మట్టిని పరీక్ష చేయించుడు. హోబళిలోని రైతు సంపర్క కేంద్రమున దారి చెప్పుదురు. ఫలితపత్రము కన్నడమున వచ్చును. అందు ‘రససార’ యనునది మన ఉదజని సూచిక, అది 8.5 దాటిన కారుచవుడని అనుమానింపవలయును. ‘లవణాంశ’ యనునది ఉప్పు. 4 దాటిన పాలచవుడు. పత్రము అర్థము కాలేదని చూరున దోపి, అంగడివాడు చెప్పిన ఎరువు తెచ్చువారిని మేమెరుగుదుము. రెండు భాషలును నేర్చిన మీ బిడ్డచే చదివించుకొనుడు. లేదా పత్రమును బిడ్డచేతికిచ్చి బడికి పంపుడు. తరగతిలో అందరము కలిసి చదివి, తెలుగున వ్రాసి పంపెదము.